ఇరవై ఏడుకే ఎర్ర పలక

అమ్మమ్మకి నీ మనవరాలు దండాలతో రాసేది. ఇక్కడ నేను క్షేమం, వేళకి తింటున్నాను. నువ్వూ, నీతోపాటే ముసలిదవుతున్న ఆ కుట్టుమిషనూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. ఈత జట్టు జాబితాలో నా పేరు ఎక్కిందని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేశావట. కొలతలు తీసుకుంటూ చెబితే పారిపోలేరు కదా, నీ తెలివే తెలివి. భుజం నొప్పి తగ్గిందా అన్నావు, తగ్గింది. కొత్త సార్ కోప్పడతారా అన్నావు. కోప్పడరు, గడియారం చూపిస్తారు, అదే ఎక్కువ బాధ. పోటీలో నా లెక్క ఎవరు చూశారని కూడా అడిగావు. అది చివర రాస్తాను.

వారం రోజులుగా నాకు కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా హాస్టల్ వరండాలో తిరుగుతున్నాను. నీళ్లలో దిగితే, ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగో లెంగ్తుకే ఎన్నోదో మరిచిపోతున్నాను. ఈ ఉత్తరం రాయడం కూడా ఇది మూడోసారి. మొదటి రెండూ చింపేశాను, వాటిలో అంతా శుభమే ఉంది.

నా గదిలో ఉండే బాతు నీకు తెలుసు కదా, నడిస్తే అటూ ఇటూ ఊగుతుందని మేం పెట్టిన పేరు. పదిహేను వందల మీటర్లకి జట్టులోకి ఒక్కరినే తీసుకుంటారు. అయితే అది, లేకపోతే నేను. రెండు గుంపులుగా ఈదించి, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లని ఎంచుతారు. అది మొదటి గుంపు, నేను రెండోది. దాని లెక్క నేను చూశాను.

ముప్పై లెంగ్తులు తల ముంచి ఈదేవాళ్లకి లెక్క నిలవదు. అందుకే గట్టు మీద ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, మలుపు తిరిగినప్పుడల్లా అంకె పలక నీళ్లలో ముంచి చూపించాలి. చివరి లెంగ్తుకి ఎర్ర పలక. చిన్నప్పుడు నేను ఈదుతుంటే నువ్వు ఒళ్లో బొత్తాలు పోసుకుని ఒక్కొక్కటే పక్కకి జరిపేదానివి. ఒక్కరోజూ తప్పలేదు.

ఆ రోజు బాతు ఎప్పుడూ లేనంత వేగంగా పోతోంది. నేను ఇరవై ఏడు పూర్తికాగానే ఎర్ర పలక ముంచాను. అది ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి అవతలి కొస చేరింది, ఆగింది, కళ్లద్దాలు తీసి నవ్వింది. ఇంకా రెండున్నాయని అందరూ అరిస్తే మళ్లీ ఈదింది. ఆగినందుకు పద్నాలుగు సెకన్లు పోయాయి. తర్వాత నేను గెలిచింది తొమ్మిది సెకన్ల తేడాతో.

సార్‌తో లెక్క తప్పిందన్నాను. "ఎవరికైనా తప్పుతుందిలే" అంది బాతు, నా వీపు తడుతూ. అప్పటినుంచి ఎవరు లెక్క అన్నా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడుతున్నాను. అమ్మమ్మా, లెక్క తప్పలేదు. ఇరవై ఏడని నాకు తెలుసు. తెలిసే ముంచాను. చాలా సిగ్గుగా ఉంది.

జాబితా రేపు పంపుతారట. సార్ ఇప్పుడు ఆఫీసు గదిలోనే ఉన్నారు. ఈ కాగితం మడిచి నేరుగా ఆయన దగ్గరికే వెళ్తున్నాను, కాసేపు కూర్చున్నానంటే ధైర్యం చల్లారిపోతుంది. ఇంటికి పంపేసినా పంపేస్తారు. బట్టలకి వచ్చేవాళ్లతో ఏం చెప్పుకుంటావో, నన్ను క్షమించు.

ఇక నువ్వడిగిన మాట. నా లెక్క చూసింది బాతే. తల కూడా తుడుచుకోకుండా, ఏడ్చి ఎర్రబడిన కళ్లతో వచ్చి గట్టు మీద కూర్చుంది. నేను మలుపు తిరిగిన ప్రతిసారీ పలక నా కోసం నీళ్లలో ఉంది. ఒక్కటీ తప్పలేదు.

ఇట్లు,
నీ బొత్తాల లెక్కతో ఈత నేర్చిన మనవరాలు