తీగకు కట్టిన రేకు ముక్కలు

తమ్ముడూ,

ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. కూర్చుని నిదానంగా చదువు.

నువ్వు పెరట్లో పెట్టి వెళ్ళిన మూడు తేనెపెట్టెల్లో ఇప్పుడు రెండే ఉన్నాయి. తప్పు నాదే. చుట్టూ ప్రాణం తీయకుండా చురుక్కుమనిపించే కరెంటు తీగ కట్టి, దానికి వేరుశనగ ముద్ద పూసిన రేకు ముక్కలు వేలాడదీశావు కదా. ఎలుగుబంటిని చేతులారా విందుకు పిలిచినట్టుందని భయమేసి, నువ్వు బస్సెక్కగానే వాటిని తీసేశాను. ఆ ముద్ద పారేయబుద్ధి కాక నేనే తిన్నాను.

సోమవారం పొద్దున్నే ఎలుగుబంటి వచ్చింది. తీగను తోసుకుని దర్జాగా లోపలికి వెళ్ళి ఒక పెట్టె పగలగొట్టింది. పక్కింటి టైలరమ్మ చూసి, "ఒళ్ళంతా కంబళి కప్పుకున్నదానికి షాక్ ఎక్కడ తగులుతుంది పెద్దమ్మా? ముక్కుకి తగలాలనే మీ తమ్ముడు ఆ ముద్ద పూశాడు" అంది. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు.

వెంటనే మళ్ళీ ముద్ద పూసి రేకులు కట్టాను. స్విచ్ ఆపానో లేదో మూడుసార్లు చూసుకున్నాకే తీగ ముట్టుకున్నాను. నిన్న సాయంత్రం అది మళ్ళీ వచ్చింది. రేకు దగ్గర ముక్కు పెట్టి, ఒక్క అరుపు అరిచి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఒక్క పెట్టె పోయినా అన్నీ తీసుకెళ్ళిపోతానన్నావు. ఆ మాట మరిచిపో నాయనా. ఈ రెండూ ఇక్కడే ఉండనీ. ఆ తేనెటీగల చప్పుడు లేకపోతే పెరడు బావురుమంటుంది.

ఒక్కటి మాత్రం దాచకుండా రాయి. ఎలుగుబంటిది తడి ముక్కు కదా, దానికి పుండు పడదు కదా? పొద్దుటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

నీ అక్క