నోరు మూయించిన అత్తగారు

ఫిబ్రవరి 2

అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఇల్లు అంటే నమ్మి వచ్చాను. చూస్తే చక్రాలున్న డబ్బా. కారవాన్ అనాలట. వంతెన పని ఎక్కడుంటే దాన్ని అక్కడికి లాక్కుపోతారు. అమ్మాయి క్రేన్ నడుపుతుంది, అల్లుడు వెల్డర్. మా ఇంటి పైకప్పు రిపేరు పూర్తయ్యేదాకా నాకు ఇదే గతి.

లోపల మంచం ఒక్కటే. అది వాళ్ళది. నాకేమో కారవాన్ తలుపుకు ఆనించి కట్టిన టెంటు, అందులో మడత మంచం. అత్తయ్యకి ప్రైవసీ ఉంటుంది అన్నాడు అల్లుడు. సర్వీసంతా బస్సులో జనం మధ్య నలుగుతూ టికెట్లు కొట్టినదాన్ని. నాకు ప్రైవసీ ఏం చేసుకోను? గోడలు కావాలి.

చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆ మాట చెప్పాను. గట్టిగానే చెప్పాను.

ఫిబ్రవరి 3

అల్లుడు గ్యాస్ హీటర్ తెచ్చి టెంటులో పెట్టాడు. వెనక చిన్న సిలిండర్, ముందు ఎర్రగా వెలిగే జాలీ. సైట్లో ఆరుబయట చేతులు కాచుకోవడానికి వాడేదట. పైపు పొడుగునా సబ్బు నురగ రాసి, కళ్ళు చికిలించి చూశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు, లీకేజీ లేదు, నిశ్చింతగా పడుకోండి అన్నాడు. వాసన వస్తే మాత్రం పిలవమన్నాడు. గ్యాస్‌తోనే బతికేవాణ్ణి, నాకు తెలీదా అత్తయ్యా అన్నాడు. తెలిసినవాడే కదా అని ఊరుకున్నాను.

టెంటు కింద సందుల్లోంచి గాలి కొడుతోంది. పాత దుప్పట్లు కుక్కాను. జిప్పు పైదాకా లాగాను. వెచ్చగా ఉంది. అల్లుడు ఈ ఒక్క పనీ సరిగ్గా చేశాడు.

ఫిబ్రవరి 4

పొద్దున్నే తలనొప్పి. కణతలు పగిలిపోతున్నాయి. బయటికొచ్చి వంతెన దాకా నడిచి వచ్చేసరికి తగ్గింది. బీపీ అన్నాడు అల్లుడు. కోపం తగ్గించుకో అమ్మా అంది అమ్మాయి. తెప్పించేది వాళ్ళు, తగ్గించుకోవాల్సింది నేను.

కారవాన్‌లో తలుపు పక్కన గోడకి గుండ్రటి తెల్ల పెట్టె ఒకటి ఉంది. తెల్లవారుజామున కీచుకీచుమని ఒకటే గోల. వాళ్ళిద్దరూ దిండ్లు చెవులకు అడ్డం పెట్టుకుని లేచారు.

ఫిబ్రవరి 5

మళ్ళీ తలనొప్పి. మళ్ళీ పెట్టె గోల. అల్లుడు మళ్ళీ సబ్బు నురగ రాశాడు. బుడగ లేదు. బ్యాటరీ పాతదయ్యుంటుంది, ఊరికే అరుస్తోంది అన్నాడు.

ఫిబ్రవరి 6

ఈ రోజు పెట్టె అరవలేదు. ఏమైందే అని అడిగితే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంత అడిగినా చెప్పదు. నా ఒట్టు అన్నాక చెప్పింది. ఆ పెట్టెకి అల్లుడు పెట్టిన పేరు అత్తగారట! వేళాపాళా లేకుండా అరుస్తుంది కాబట్టి. నిన్న బ్యాటరీ పీకి టీవీ రిమోట్‌లో వేశాడట. టీ బ్రేక్‌లో నలుగురినీ పోగేసి, అత్తగారి నోరు మూయించేశానురా అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

అందుకా మధ్యాహ్నం నేను క్యాంటీన్‌లోకి వెళ్ళగానే అందరూ గ్లాసుల్లోకి తలలు దూర్చారు!

నా ఎదురుగా అత్తయ్యా, అత్తయ్యా. నా వెనక ఇదా? వీడికి పిల్లనిచ్చాను. కిక్కిరిసిన బస్సులో తాగుబోతుని కాలరు పట్టుకుని దింపేసినదాన్ని. నన్ను చూసి నవ్వుతారా? ఒళ్ళు మండిపోతోంది. అమ్మాయి మీద ఇంకా మండుతోంది. అది కూడా నవ్వింది.

నోరు మూయించావు కదా. సరే. మూసుకుంటాను.

ఫిబ్రవరి 7

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 8

వాంతి అయింది. తల దిమ్ము. చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి. అమ్మాయి హెల్మెట్ పెట్టుకుంటూ కాసేపు నిలబడి చూసింది. నీ అలక తీరాకే చెప్పు అని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదని మొహం చూసి తెలుసుకోలేదా? కన్నకూతురు!

ఫిబ్రవరి 9, ఉదయం

ఇంకా ఉదయమే. ఇందాకా ఉదయమే. జాలీ ఎర్రగా ఎంత బాగుందో. అందరూ మంచివాళ్ళు. కాళ్ళు ఎవరివో మంచం మీద పెట్టి వెళ్ళారు. కోపం ఇక్కడే ఎక్కడో పెట్టాను కనపడటం లేదు. చిల్లర దిగేటప్పుడు ఇస్తాను. లోపలికి జరగండి బాబూ లోపల చాలా ఖాళీ

ఫిబ్రవరి 12

ఆసుపత్రి. పెన్ను పట్టుకోనిచ్చారు.

అమ్మాయి చెప్పింది. ఆ పొద్దున అల్లుడు నన్ను బతిమాలుకుందామని టీ పట్టుకుని టెంటు జిప్పు తీశాడట. నేను నవ్వుతూ, అల్లుడుగారూ, దయచేయండి, మీరు టిఫిన్ చేశారా అన్నానట. నేను! పెళ్ళి పందిట్లో కూడా వాణ్ణి గారు అనలేదు. గ్లాసు అక్కడే వదిలేసి, మంచంతో సహా నన్ను బయటికి ఈడ్చాడట. అత్తయ్య నన్ను మీరు అన్నారు, ఏదో అయిపోయింది, త్వరగా రమ్మని క్రేన్ కింద నిలబడి అరిచాడట.

డాక్టరమ్మ వాళ్ళిద్దరినీ నా ఎదురుగానే కడిగేసింది. సబ్బు బుడగ చూపించేది పైపు లీకేజీని. ఇది లీకేజీ కాదు. మంట మండితేనే వచ్చే విషం, కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. గాలి ఆడని చోట ఇంకా ఎక్కువగా వస్తుంది. టెంటులో గ్యాస్ హీటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ అసలు పెట్టకూడదట. జిప్పు కాస్త తెరిస్తే చాలు అనుకోవడం కూడా తప్పేనట. వెలిగించి పడుకోవడమైతే ఎక్కడా చెయ్యకూడదట. ఆ విషం టెంటులోంచి తలుపు సందున కారవాన్‌లోకి పోతుంటే ఆ పెట్టె అరిచింది. బయటికి పొండి అని అరిచింది. ఇంకో రెండు రోజులైతే వాళ్ళిద్దరూ కూడా లేచేవాళ్ళు కాదట.

కోపం ఆగడం లేదు. చచ్చిపోయేదాన్ని. రోజూ పొద్దున్నే తల పట్టుకుని బయటికొస్తే కోపం అన్నారు, బీపీ అన్నారు, అలక అన్నారు. నా ఒళ్ళు నాకు చెబుతూనే ఉంది, నేనైనా వినలేదు. సందులన్నీ నా చేతులతోనే కుక్కాను. పైగా పంతం! వాంతి అయిందని ఒక్క మాట చెప్పలేకపోయాను. ఈ ముగ్గురిలో ఎవరిని ముందు తన్నాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 13

కొన్నాళ్ళు మాటలు తడుముకోవచ్చు, మరుపు ఉండొచ్చు అంది డాక్టరమ్మ. చూద్దాం అంది. పూర్తిగా తగ్గుతుందని మాత్రం అనలేదు.

అల్లుడు వరండాలో బెంచీ మీద ఉన్నాడు. లోపలికి రాడు. అన్నం ముట్టుకోవడం లేదట. కారవాన్‌కి కొత్త అలారం, కొత్త బ్యాటరీ పెట్టాడట. హీటర్ ఆరుబయట పడేశాడట. ఒక్కసారి పిలిచి తిట్టు అమ్మా, మనిషి చిక్కి సగమైపోతున్నాడు అని అమ్మాయి కాళ్ళావేళ్ళా పడింది.

తిట్టను. తిడితే వాడి గుండె తేలికవుతుంది. కూర్చోనీ.

ఫిబ్రవరి 15

పిలిచాను. తిట్టాను. బాగానే సాగింది. మధ్యలో ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. అల్లుడు తల ఎత్తకుండానే మెల్లగా అందించాడు. దద్దమ్మ అని.

ఆఁ, అదే, అన్నాను.