మొదటి వరుసలో ఫ్లారెన్స్

పుంగనూరు, 2004

గౌరవనీయులైన పాస్టరుగారికి వందనములు.

నా చెల్లెలు ఫ్లారెన్స్‌కు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసి, అందరూ ఒకే వెండి పాత్రలో ద్రాక్షారసం తాగే ప్రభురాత్రి భోజనానికి ఆమెను మీరు అందరికంటే చివర పిలిచారు. "ఆయమ్మ తాగినాంక మేం యాల తాగల్లయ్యా?" అని ఎవరో అడిగితే వారించలేదు. ఆమె తాగగా మిగిలిన ద్రాక్షారసం వాడుక ప్రకారం మీరు తాగవలసినది, మొక్కల్లో పారబోశారు.

నేను చదివి తెలుసుకున్నది మనవి చేస్తున్నాను. ఆ వైరస్ తెల్లరక్తకణం మీది ఒక ప్రోటీనును పట్టుకుని లోపలికి చొరబడి, ఆ కణం చేతనే తన నకళ్లు చేయించుకుని, చివరకు దానినే చంపుతుంది. వెండి పాత్రకు ఆ ప్రోటీను లేదు. ఎంగిలితో ఆ వ్యాధి అంటదు.

సంఘ పెద్దగా మొదట తాగే వరుస నాది. వచ్చే ఆదివారం ఆ స్థానంలో ఫ్లారెన్స్ మోకరిస్తుంది, ఆమె తరువాత నేను. అప్పుడు పాత్రలోది పారబోస్తారో, నాకు అందిస్తారో సంఘమంతా చూస్తుంది.

ఇట్లు,
ఫ్లారెన్స్ అన్న