ఒక తిట్టుకు మూడు ఓడలు

ఫాల్మత్ రేవు,
1757 జనవరి 8

న్యూయార్కులో ఉన్న మనవరాలు లవ్‌డేకు,

పాప పుట్టిందని రాశావు. సంతోషం. మన ఇంట్లో తొలి ఆడపిల్లకు ముత్తవ్వ పేరు పెట్టడం ఆనవాయితీ. నువ్వేమో హెండ్రికా అని ఎవరో డచ్చి ఆవిడ పేరు పెట్టావు. నా పేరుకేం తెగులు? ఇక నీ ముఖం చూడను.

కోపం తగ్గని నానమ్మ,
థామసిన్ పెన్‌హాలో

తా.క. పాపకు ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. వాటికీ నా కోపానికీ సంబంధం లేదు.

*

న్యూయార్కు,
జూన్ 11

నానమ్మకు,

మీ మూడు ఉత్తరాలూ అందాయి. జనవరిలో తిట్టారు, ఏడ్చాను. ఫిబ్రవరిలోనూ అదే తిట్టు. మార్చిలోనూ అక్షరం మారలేదు. “మూడు నెలలు ముట్టడిస్తే ఫ్రెంచివాళ్ళ కోటైనా లొంగేది, మీ ముసలావిడ లొంగలేదే!” అన్నాడు మా ఆయన.

హెండ్రికా మా పక్కింటావిడ. కాన్పులో మంత్రసాని చేతులెత్తేస్తే, మమ్మల్నిద్దరినీ బతికించింది ఆవిడే.

అక్టోబరు చివర మేం కొండల అవతలికి ఊరు మారుతున్నాం. అక్కడి చిరునామా పంపను.

ఇక విసిగించని,
లవ్‌డే

తా.క. మూడుసార్లూ మేజోళ్ళు పంపుతున్నానన్నారు. ఒక్క జతా రాలేదు. తిట్లు మాత్రం పొల్లుపోకుండా చేరాయి.

*

ఫాల్మత్,
ఆగస్టు 2
(ఆరింటిలో మొదటి ప్రతి)

లవ్‌డే తల్లీ,

నేను తిట్టింది ఒక్కసారే! యుద్ధంలో ఏ ఓడ చేరుతుందో తెలియదు కనుక, అందరిలాగే ఒకే ఉత్తరాన్ని మూడు ఓడల్లో పంపాను. పంపిన రోజు తేదీ వేశాను కానీ, పైన ‘నకలు’ అని రాయడం మరిచాను. బడిపిల్లలు కూడా చేయని తప్పు. ఏప్రిల్‌లో బుద్ధొచ్చి, క్షమించమని ఒక్క ప్రతి రాశాను. ఆ ఓడను ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు.

హెండ్రికమ్మ సంగతి చదివాక అద్దంలో చూసుకోవాలంటే సిగ్గేస్తోంది.

తలదించుకున్న,
నానమ్మ

తా.క. తిట్టుకు మూడు ఓడలు, క్షమాపణకు ఒకటి. ఈ లెక్క మీ ఆయనకు చెప్పకు.

*

న్యూయార్కు రేవు,
అక్టోబరు 9

లవ్‌డే,

చీటీ తెచ్చిన పడవవాడిని తిరిగి పంపేయకు. తిట్టింది ఒక్కసారే, మిగతావి నకళ్ళు. ఆ మాట ఆరు ప్రతుల్లో రాశాను. ఒక్కటీ చేరలేదని ఇక్కడ చెప్పారు. ఉత్తరాలను నమ్మలేక, డెబ్బైమూడేళ్ళ వయసులో నేనే ఓడెక్కాను. రేవు మెట్ల మీద కూర్చున్నాను. ముఖం చూడనన్నదాన్ని పిలవకుండా ఎలా రాను?

నకలు లేని,
నానమ్మ

తా.క. దారిలో ఫ్రెంచి ఓడ తరిమితే, శత్రువు చేతికి చిక్కకూడదని కెప్టెను ఉత్తరాల సంచులకు మునిగిపోయేలా సీసం కట్టి సముద్రంలో పడేశాడు. “మీ దగ్గరేమైనా ఉత్తరాలున్నాయా, అమ్మా?” అన్నాడు. “నేనే ఉత్తరాన్ని” అన్నాను. నా భారీ ఒళ్ళు ఎగాదిగా చూసి, సీసం అక్కర్లేదనుకున్నాడేమో, పక్కకు తప్పుకున్నాడు.