అశోక్‌నగర్‌లో బస్సు ఆపించాను

గురువారం, రాత్రి

మేడ్చల్‌లో కుట్టుపనికి వస్తానో రానో రేపు చెప్పాలి. పని నచ్చింది. ఒక్కదాన్నే బస్సులో అంత దూరం వెళ్లిరావడమే భయం. దారి అలవాటు చేస్తానని ఈరోజు ఆయన తోడొచ్చారు, కానీ బస్సెక్కగానే మగవాళ్లతో వెనకాల కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు అశోక్‌నగర్‌లో నేను దిగకముందే బస్సు కదిలింది. ఆయన ఆపమంటారేమోనని చూశాను. అనలేదు.

"అన్నా, ఆపు! దిగేటోళ్లున్నరు!" అని నేనే అరిచేశాను. బస్సంతా నావైపు తిరిగింది.

దిగాక ఆయన ఒకటే నవ్వు. "గింత గొంతు పెట్టుకొని ఇంట్ల గుసగుసలాడ్తవేందే?"

సిగ్గేసింది. బాగానూ అనిపించింది. చీకటితోనే లేవాలి, వంట ఎట్లా అవుతుందో... అయినా వస్తానని రేపు ఫోన్ నేనే చేస్తాను. ఆయనతో చెప్పించను.