ప్రవాసానికి ఒక వాక్యం

ప్రియమైన పుస్తకాల పురుగు గారికి,

ఇక్కడ క్షేమం. కళ్ళద్దాలు సానపట్టీ పట్టీ చేతులు కాయలు కాచాయి, అయినా మా మేస్త్రీ మెచ్చుకున్నాడు. నా రెండేళ్ళ ఒప్పందం ముగుస్తోంది. ఈ దేశంలోనే స్థిరపడతావా, వెళ్ళిపోతావా అని ఆఫీసులో అడిగారు. రెండు నెలల్లోగా చెప్పాలి. ఉంటే మిమ్మల్నీ రప్పించుకోవచ్చట. పక్క వీధిలో పెళ్ళికెళ్ళినా రాత్రికి మన మంచం మీదకే చేరే మనిషి మీరు! అందుకే ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

నిఘంటువు రాసే మొగుడున్నందుకు ఒక సాయం చెయ్యండి. ప్రవాసం అంటే అసలు అర్థమేమిటో రాయండి. అది చదివాకే వాళ్ళకి జవాబిస్తాను.

మీ గడుగ్గాయి


ప్రియమైన గడుగ్గాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిరిగొస్తానని వెళ్ళి ఇప్పుడు అర్థాలడుగుతావా అని కోపమొచ్చి, కొన్నాళ్ళు కలం పట్టలేదు. తర్వాత ఆ మాటను విడదీసి చూశాను. ‘ప్ర’ అంటే ముందుకు, దూరంగా. ‘వాసం’ అంటే ఉండడం. నివాసం, వసతి పుట్టిన ధాతువు నుంచే ఇదీ పుట్టింది. రాత్రికి ఒకచోట నిలవడం దాని పాత అర్థాల్లో ఒకటి. వెళ్ళడమన్నది ఆ ధాతువులో ఎక్కడా లేదు!

ఏనాడో ఎవరో ఊరుగాని ఊళ్ళో చీకటిపడ్డాక మూట దించుకుని పడుకుని ఉంటారు. ఈ మాట కట్టినవాళ్ళు ఆ నిద్రపోయిన చోటునే చూశారు. ఇన్నేళ్ళుగా ఈ మాట రాస్తూ నేను చూడనే లేదు.

మా నిఘంటువు పద్ధతి నీకు తెలుసుగా. బతికున్న మనిషి వాడిన వాక్యం దొరికితేగాని మాట పూర్తికాదు. నీకు తోస్తే పంపు. రమ్మనీ అనను, ఉండమనీ అనను.

నీ పుస్తకాల పురుగు


ప్రియమైన మీకు,

వాక్యం కోసం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇవాళ పని నుంచి వస్తుంటే, ఈ ఊళ్ళో కొత్తగా దిగిన ఒకావిడ సంచులు పట్టుకుని, బిత్తరచూపులు చూస్తూ ఆస్పత్రికి దారి అడిగింది. “నేరుగా వెళ్ళి చెప్పుల దుకాణం దగ్గర ఎడమకి తిరగండి. అక్కడ మెట్లు జారతాయి, జాగ్రత్త” అన్నాను. ఆవిడ వెళ్ళాక అక్కడే నిలబడిపోయాను. ఆ మెట్లు జారతాయని నాకెప్పుడు తెలిసింది? నాలోకి ఇంత ఊరు ఎప్పుడొచ్చి చేరింది? ఏడుపొచ్చింది, కానీ భయం వెయ్యలేదు.

ఇదిగో మీ వాక్యం: “ప్రవాసంలో ఉన్నానని మరిచిపోయి ఇవాళ ఒకరికి దారి చెప్పాను.”

ఇక్కడే ఉంటానని ఆఫీసులో చెప్పేస్తున్నాను. మీరు రాకపోతే...

మీ గడుగ్గాయి


ప్రియమైన గడుగ్గాయికి,

నీ వాక్యం నిఘంటువు పనిలో మా పైనుండే పెద్దాయనకి చదివి వినిపించాను. ఎవరిదని అడిగితే మా ఆవిడదని చెప్పాను. “మరి నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావయ్యా?” అన్నారు.

నిన్న మన మంచం అమ్మేశాను. తిట్టకు. కింద పడుకుంటే నిద్ర పడుతుందా అనుకున్నాను గానీ, తెల్లారేదాకా మెలకువే రాలేదు. టిక్కెట్టు తీసుకున్నాను. విమానం దిగి రైల్లో వస్తాను, స్టేషన్లో ఉండు, దారి నువ్వే చెప్పాలి. ఆ ఊళ్ళో నాకు తెలిసిందల్లా ఒక్కటే, చెప్పుల దుకాణం దగ్గర మెట్లు జారతాయని.

వస్తున్న,
నీ పుస్తకాల పురుగు