చినుకు వినిపించే కోటు

నా మీద కోపంగా ఉన్న వదినకి,

మీరు నా ఫోను ఎత్తడం మానేశారు కాబట్టి ఇది రాసి, నన్నిక్కడ దింపి మీ వైపు వస్తున్న పక్కింటి డ్రైవరు చేత పంపుతున్నాను. చించెయ్యకుండా చివరిదాకా చదవండి. మీ తమ్ముడు కొండ అడవిలో తప్పిపోయారు. ఆదివారం నడకకని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ వాన సరిగా తెరిపివ్వలేదు. నేనిక్కడ అటవీశాఖ వాళ్ళ గదిలో, తడి బూట్ల మధ్య బల్ల మీద కూర్చుని ఉన్నాను.

ఏడాదిగా ఆయన మీతో ఫోన్లో మాట్లాడటం లేదు. నేనే మాట్లాడనివ్వడం లేదని మీరు నలుగురిలో అన్నారు. తల్లి పోయాక మీరు పెంచి పెద్ద చేసిన తమ్ముణ్ణి నేను విడదీశానన్నారు. పడ్డాను వదినా, నోరెత్తలేదు. నిజమేమిటంటే, ఆయనకి మీ గొంతు వినపడదు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్‌కి చెవులు లేవంటే షెడ్డులో ఎవరుంచుకుంటారు? "ఎవరికీ చెప్పకు. అక్కకి అసలు చెప్పకు, తట్టుకోలేదు" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మనుషుల్లో ఉంటే ప్రతి మాటకీ విన్నట్టు తల ఊపాలి. అడవిలో ఆ బాధ లేదని సెలవొస్తే కొండలు పట్టుకు తిరగడం మొదలుపెట్టారు.

వానలు ముదిరాయని, మంచి కోటు కొనమని నేనే దుకాణానికి లాక్కెళ్ళాను. అక్కడి అమ్మాయి నారింజ రంగుది తీసింది. "కుట్ల మీద టేపు వేశారు సార్, గాలివానలో కూడా చుక్క దిగదు. రంగు దూరం నుంచే కనపడుతుంది" అంది. ఆయన అది తొడుక్కుని, టోపీ తల మీదికి లాక్కుని, "దీని మీద వేళ్ళతో కొట్టు" అన్నారు నాతో. కొట్టాను. "లాభం లేదు" అని విప్పేశారు. అలా ఒకటి తర్వాత ఒకటి. చివరికి మూల నుంచి పల్చటి బూడిదరంగు కోటు తెచ్చుకున్నారు, ముట్టుకుంటే గరగరలాడేది. కొట్టాను. ఏడాదిలో ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు.

"దీని మీద చినుకు పడితే నాకు వినపడుతుందే!"

"అది ఊళ్ళో తిరగడానికి సార్, కొండల్లో తడిసిపోతారు" అంది ఆ అమ్మాయి. ఆయనకి వినపడలేదు. నాకు వినపడింది. అయినా ఆ మొహం చూస్తూ వద్దనలేకపోయాను.

వెతికేవాళ్ళు ఈలలేసి, పేరు పెట్టి అరిచి, కదలకుండా నిలబడి బదులు కోసం వింటారు. పొద్దున వాళ్ళ పెద్ద వచ్చి, "ఇటువైపంతా పిలిచామమ్మా. ఉంటే పలికేవారు. అవతలి లోయకి మారుతున్నాం" అన్నాడు. ఒట్టు గట్టున పెట్టి, ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఆయనకి వినపడదండీ!" అని అరిచేశాను. అందరూ తిరిగి చూశారు. "ఆ ముక్క మొదటే చెప్పొద్దా తల్లీ" అని తల పట్టుకుని, మనుషుల్ని వెనక్కి తిప్పాడు. ఇప్పుడు పొదపొదా చేతులతో దులుపుతున్నారు. బూడిదరంగు కోటు, బూడిదరంగు రాళ్ళు, పొగమంచు. సాయంత్రం దాకా చూసి ఆపేస్తారట. ఊరందరికీ తెలిసిపోతుంది. అంతకన్నా ముందు మీకు నా నుంచే తెలియాలి. నాకిక్కడ ఎవరూ లేరు వదినా.

మీ తమ్ముడి భార్య

* * *

వదినా,

దొరికారు. ప్రాణంతో దొరికారు.

ఈలలేస్తూ దాటిపోయిన చోటే, రాతి చరియ కింద, కాలు విరిగి ముడుచుకుని పడున్నారు. కోటు లోపల గుడ్డ పిండితే నీళ్ళు కారాయట. ఆసుపత్రిలో దాన్ని కత్తెరతో కోసి తీశారు. విరిగిన కాలికి రక్తం ఆడక పాడైన వేళ్ళు రెండు తియ్యాలంటున్నారు. నేను ఆ నారింజ కోటు గురించి ఏడవబోతే ఆయనే ఆపారు.

"వాన పడినంతసేపూ వినపడుతూనే ఉందే. ఎవరో తోడున్నట్టే ఉంది. మధ్యలో కాసేపు ఆగింది చూడు, అప్పుడేసింది భయం. ఇంక నా కోసం ఎవరూ రారనుకున్నాను."

వచ్చారని, అంత దగ్గర నిలబడి పిలిచారని చెప్పాను. నా పెదాల వంకే చూస్తూ అర్థం చేసుకున్నారు. డాక్టరమ్మ వచ్చి, నేను చెప్పి ఉంచాను కాబట్టి, ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడింది. ఆమె వెళ్ళాక నన్ను పట్టుకున్నారు.

"ఎవరెవరికి చెప్పావు?"

"అందరికీ. మీ షెడ్డు యజమానికి కూడా తెలిసింది."

"ఏమన్నాడు?"

"ఇంకా ఏమీ అనలేదు."

గోడవైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతుంటే నేను చెయ్యి వెయ్యలేదు. వేస్తే విదిలించేస్తారేమోనని భయం. కొంతసేపటికి ఇటు తిరిగారు.

"అక్కకి?"

"ఉత్తరం రాశాను. అంతా."

తిడతారనుకున్నాను వదినా. కళ్ళు తుడుచుకుని, మంచం మీద పక్కకి జరిగి, ఒక మనిషి కూర్చునేంత చోటు చేశారు.

"రమ్మను. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చోమను. అక్క పెదాలైతే నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు."

మీ మరదలు